ఇథనాల్ పోస్తే చాలదు



ఈ రోజు నా ప్రసంగం కార్లంటే ప్రాణం పెట్టేవాళ్ల గురించి, వాళ్ల మధ్య చాలా ఏళ్లుగా తెగకుండా సాగుతున్న ఒక వాదన గురించి. వాదన అమెరికాలోది, అందులోనూ ఎక్కువగా కాలిఫోర్నియా రాష్ట్రంలోది. అయితే మన బంకుల్లో కూడా ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే పోస్తున్నారు. కాబట్టి అక్కడి వాదనలో ఉన్న న్యాయం ఏమిటో, పొరపాటు ఏమిటో మనం కూడా తెలుసుకోవడం మంచిది.

ఒక యువకుడికి టర్బో ఇంజిన్ ఉన్న కారు ఉందనుకోండి. కంపెనీ నుంచి వచ్చినప్పుడు అది పెట్రోలు కారు. అతను దానికి పెద్ద ఇంజెక్టర్లు వేయించాడు. ఇంధనంలో ఇథనాల్ ఎంత ఉందో చెప్పే సెన్సర్ పెట్టించాడు. ఇంజిన్ కంప్యూటర్‌లోని లెక్కలు మార్పించాడు. ఇప్పుడు ఆ కారు ఈ85 అనే ఇంధనం మీద నడుస్తోంది. అంటే చాలావరకు ఇథనాల్, మిగతాది పెట్రోలు. రెండేళ్లకోసారి చేయించాల్సిన పొగ పరీక్షకు తీసుకెళ్లాడు. అక్కడి పరీక్షకుడు బానెట్ తెరిచి చూసి, ఈ భాగాలకు ప్రభుత్వ అనుమతి నంబరు లేదు కాబట్టి ఫెయిల్ అన్నాడు. "పొగ కొలిచి చూడండి, మామూలు కారు కన్నా శుభ్రంగా ఉంటుంది" అన్నాడు యువకుడు. "ఈ మోడల్ కార్లకు గొట్టం దగ్గర పొగ కొలవడం మా పరీక్షలో లేదు" అన్నాడు పరీక్షకుడు.

ఇద్దరూ చెప్పింది నిజమే కావచ్చు. అక్కడే చిక్కు వచ్చిపడింది. పొగ కొలవకుండా పొగ పరీక్షలో ఫెయిల్ చేయడం ఎలా న్యాయమవుతుంది? శుభ్రమైన ఇంధనం వాడే నన్ను తప్పుబట్టి, నల్లపొగ కక్కే పాత బండిని వదిలేస్తారా? కార్ల అభిమానులు అడిగే ప్రశ్నలివి. జవాబు చెప్పాలంటే ముందు ఈ ఇంధనం సంగతి చూడాలి.

అమెరికాలో ఈ85 పేరుతో అమ్మే ఇంధనంలో ఇథనాల్ అన్నివేళలా 85 శాతం ఉండదు. ప్రాంతాన్ని బట్టి, రుతువును బట్టి 51 నుంచి 83 శాతం దాకా మారుతుంది. చలికాలంలో పెట్రోలు పాలు పెంచుతారు. ఇథనాల్ చలిలో సరిగా ఆవిరి కాదు, ఇంజిన్ స్టార్ట్ అవడానికి మొరాయిస్తుంది. అందుకే ఈ ఏర్పాటు.

బంకులో పోయించుకున్న దాంట్లో ఇథనాల్ ఎంతో తెలుసుకోవడానికి అభిమానులు ఒక చిన్న పరీక్ష చేస్తారు. గీతలున్న సన్నటి గాజు గొట్టంలో కింది గీత దాకా నీళ్లు పోస్తారు. దాని మీద ఇంధనం పోసి, మూత బిగించి, బాగా గిలక్కొట్టి నిలబెడతారు. ఇథనాల్ నీళ్లలో కలిసిపోతుంది, పెట్రోలు కలవదు. కాసేపటికి రెండు పొరలు విడిపోతాయి. కింది పొర ఎంత పైకి జరిగిందో చూసి, పక్కనున్న అంకె చదువుకుంటారు. ఇప్పుడు చాలామంది కారులోనే సెన్సర్ పెట్టించుకుంటున్నారు. అది ఇంధన పైపులో కూర్చుని, లోపల పారే ద్రవంలో ఇథనాల్ శాతాన్ని ఇంజిన్ కంప్యూటర్‌కు ఎప్పటికప్పుడు చెబుతుంది.

ఇథనాల్ మీద ఇంత మోజు ఎందుకంటే, దానిలో రెండు సుగుణాలున్నాయి. మొదటిది ఆక్టేన్. మామూలు పెట్రోలుకు రీసెర్చ్ ఆక్టేన్ 91 ఉంటే, ఇథనాల్‌కు 108 దాకా ఉంటుంది. టర్బో ఎక్కువ గాలి కుక్కి ఒత్తిడి పెంచినా, స్పార్క్ రగిలించిన మంట చేరకముందే తనంతట తాను అంటుకోదు. ఇంజిన్‌లో నాకింగ్ రాదు. రెండోది చల్లదనం. ద్రవం ఆవిరిగా మారేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది. ఇథనాల్ ఈ పని పెట్రోలు కన్నా రెండు రెట్లకు పైగా చేస్తుంది. సిలిండర్‌లోకి వెళ్లే గాలి చల్లబడితే చిక్కబడుతుంది, ఇంజిన్ శక్తి పెరుగుతుంది. రేసు ట్రాక్‌లో వాడే ఖరీదైన పెట్రోలు ఇచ్చే ఫలితం, వీధి చివర బంకులో చవగ్గా దొరుకుతోందన్నమాట.

ఖర్చు మరో వైపు నుంచి వస్తుంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది, బరువులో మూడో వంతుకు పైగా. కాబట్టి మండడానికి బయటి గాలి తక్కువ చాలు. కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. కిలో ఈ85కు 9.8 కిలోలు సరిపోతుంది. అంటే అదే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి, పరిమాణంలో 30 నుంచి 40 శాతం ఎక్కువ. పెద్ద ఇంజెక్టర్లు అందుకే. మైలేజీ పడిపోయేదీ అందుకే. పెట్రోలు మీదా, ఈ85 మీదా నడిచేలా కంపెనీ తయారు చేసిన ఫ్లెక్స్ ఫ్యూయల్ కార్లలోనే ఈ85 మీద మైలేజీ 15 నుంచి 27 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది.

ఇవన్నీ తెలిసే కాలిఫోర్నియాలో ఈ ఇంధనం విపరీతంగా అమ్ముడుపోతోంది. 2022లో ఆ ఒక్క రాష్ట్రంలోనే ఈ85 అమ్మకం 10 కోట్ల గ్యాలన్లు దాటింది. అమెరికా మొత్తం మీద కంపెనీలే తయారు చేసిన ఫ్లెక్స్ ఫ్యూయల్ బండ్లు 2 కోట్లకు పైగా ఉన్నాయి. కానీ వాటిని తయారు చేస్తే కంపెనీలకు వచ్చే మైలేజీ నిబంధనల మినహాయింపు ఆగిపోయాక, కొత్త మోడళ్లు బాగా తగ్గిపోయాయి. బంకులు పెరుగుతున్నాయి, కంపెనీ కార్లు తగ్గుతున్నాయి. ఆ ఖాళీలోకి మార్పులు చేసుకున్న కార్లు వచ్చాయి.

ఇక నిబంధనల సంగతికి వద్దాం. వాటిని ఎవరో కక్షగట్టి రాయలేదు. 1943 జూలైలో లాస్ ఏంజెలెస్ నగరం మీద కళ్లు మండించే మురికి మబ్బు కమ్ముకుంది. యుద్ధకాలం కావడంతో, శత్రువు విషవాయువు వదిలాడేమోనని జనం హడలిపోయారు. అసలు కారణం బయటపడడానికి ఏళ్లు పట్టింది. కాల్‌టెక్ సంస్థలో హాగెన్‌స్మిట్ అనే డచ్ రసాయన శాస్త్రవేత్త అనాసపండు వాసనలోని రసాయనాల మీద పరిశోధన చేస్తుండేవాడు. ఆయన ఆ పనిముట్లనే నగరపు గాలి మీదికి తిప్పాడు. బండ్ల నుంచి, చమురు శుద్ధి కర్మాగారాల నుంచి వచ్చే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండ సోకినప్పుడు ఓజోన్‌గా మారుతున్నాయని 1950ల మొదట్లో తేల్చాడు. ఆ గాలిలో ఓజోన్ ఎంతుందో చూడడానికి వంచిన రబ్బరు ముక్కలు పెట్టేవారు. ఎంత త్వరగా పగుళ్లిస్తే అంత ఓజోన్ ఉన్నట్టు. రబ్బరునే చీల్చే గాలిని పసిపిల్లలు పీలుస్తున్నారన్న సంగతి అప్పుడు జనానికి అర్థమైంది. 1967లో కాలిఫోర్నియా తన వాయు వనరుల మండలిని ఏర్పాటు చేసుకుంది. హాగెన్‌స్మిట్ దానికి తొలి అధ్యక్షుడయ్యాడు.

1975 మోడల్ కార్ల నుంచి అమెరికాలో క్యాటలిటిక్ కన్వర్టర్ వచ్చింది. ఇంజిన్ వదిలిన పొగ బయటికి పోయే దారిలో ఉండే ఈ డబ్బాలో ప్లాటినం జాతి లోహాల పూత ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌ను, మండకుండా మిగిలిన ఇంధనాన్ని కాల్చేస్తుంది. తర్వాత వచ్చిన రకం నైట్రోజన్ ఆక్సైడ్లను కూడా విడగొడుతుంది. అయితే దానికి రెండు షరతులున్నాయి. ఒకటి, అది దాదాపు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి. రెండు, గాలి, ఇంధనం పాళ్లు సరిగ్గా కుదరాలి. ఇంధనం కాస్త ఎక్కువైతే ఒక రకం విషం మిగిలిపోతుంది, గాలి కాస్త ఎక్కువైతే మరో రకం మిగిలిపోతుంది.

ఇథనాల్ వాదన అంతా ఈ రెండు షరతుల దగ్గరే తేలుతుంది. ఇథనాల్ సహజంగా శుభ్రమైన ఇంధనమేనా? కొంతవరకు నిజమే. పెట్రోలులో ఉండే బెంజీన్ లాంటి క్యాన్సర్ కారకాలు అందులో లేవు. సరిగా ట్యూన్ చేసిన ఇంజిన్‌లో కార్బన్ మోనాక్సైడ్ తగ్గుతుంది, మసి తగ్గుతుంది. కానీ ఇథనాల్ పూర్తిగా మండనప్పుడు ఎసిటాల్డిహైడ్ పుడుతుంది. ముక్కుకు ఘాటుగా, పులిసినట్టు తగిలే వాయువు అది. ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఎండలో ఓజోన్ తయారీకీ తోడ్పడుతుంది. ఇథనాల్ కార్లు లక్షల్లో తిరిగిన బ్రెజిల్ దేశపు నగరాల్లో ఈ వాయువు ఎక్కువగా కనిపించింది. అందుకే ఆ దేశం తన కాలుష్య నిబంధనల్లో ఆల్డిహైడ్లకు విడిగా పరిమితి పెట్టింది.

ఈ ఎసిటాల్డిహైడ్‌ను పట్టేది క్యాటలిటిక్ కన్వర్టరే. మరి శక్తి పెంచే మోజులో కొందరు మొదట పీకేసేది, వాళ్లు క్యాట్ అని పిలిచే ఆ డబ్బానే! "ఇథనాల్ వాడుతున్నాను కదా, క్యాట్ లేకపోయినా ఫర్వాలేదు" అనే మాట కార్ల గ్యారేజీల్లో వినిపిస్తూ ఉంటుంది. ఆ మాట తలకిందులుగా ఉంది. ఇథనాల్ వాడేవాడికే ఆ డబ్బా మరీ అవసరం.

చల్లటి ఇంజిన్ సంగతీ అంతే. పొద్దున్నే తాళం తిప్పిన మొదటి నిమిషంలో కన్వర్టర్ ఇంకా వేడెక్కి ఉండదు. కొత్త కార్లు తమ మొత్తం ప్రయాణంలో వదిలే విషవాయువుల్లో పెద్ద వాటా ఆ కాసేపట్లోనే బయటికొస్తుంది. చలిలో ఇథనాల్ ఆవిరి కాదు కాబట్టి, ఇంజిన్ స్టార్ట్ కావడానికి ఇంధనం ఎక్కువ కొట్టాలి. ట్యూన్ చేసే మనిషికి ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసే అలవాటు లేకపోతే, వేడెక్కిన ఇంజిన్ మీద అందంగా కనిపించే కారు పొద్దున్నే ఇంటి ముందు గాలిని పాడు చేస్తుంది. పరీక్ష కేంద్రానికి వచ్చేసరికి ఇంజిన్ వేడెక్కే ఉంటుంది. అక్కడ గొట్టం దగ్గర పొగ కొలిచినా ఈ పొద్దుటి పొగ ఆ కొలతలో పడదు.

"పొగ కొలవండి" అన్న యువకుడి మాటకు ఇది సగం జవాబు. మిగతా సగం కంప్యూటర్‌లో ఉంది. కాలిఫోర్నియాలో 1999 మోడల్ దాకా ఉన్న పెట్రోలు కార్లకే గొట్టంలో నాళం పెట్టి పొగ కొలుస్తారు. 2000 మోడల్ నుంచి వచ్చిన కార్లకు స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో కేబుల్ పెట్టి, కారు కంప్యూటర్‌నే అడుగుతారు. కన్వర్టర్‌కు ముందొక ఆక్సిజన్ సెన్సర్, వెనకొక సెన్సర్ ఉంటాయి. ముందరి సెన్సర్ రీడింగు గబగబా ఊగుతూ ఉండాలి, వెనకది నిలకడగా ఉండాలి. రెండూ ఒకేలా ఊగాయంటే కన్వర్టర్ పనిచేయడం లేదని కంప్యూటర్ పట్టేసి, డాష్‌బోర్డు మీద లైటు వెలిగిస్తుంది. రోజూ, ప్రతి ప్రయాణంలో, చలిలో, ఎండలో ఈ తనిఖీ జరుగుతూనే ఉంటుంది. ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి నాళం పెట్టి కొలవడం కన్నా ఇది మంచి పద్ధతి.

మంచి పద్ధతే, కంప్యూటర్‌ను ఎవరూ ముట్టుకోనంతవరకు. ట్యూనింగ్ అంటే ఆ కంప్యూటర్‌ను మార్చడమే. వెనక సెన్సర్ చెప్పేది పట్టించుకోవద్దని రెండు క్లిక్కుల్లో రాసేయొచ్చు. అప్పుడు కన్వర్టర్ లేకపోయినా కంప్యూటర్ అంతా బాగుందనే చెబుతుంది. పరీక్ష రాసినవాడే తన పేపరు దిద్దుకున్నట్టవుతుంది. అందుకే 2021 జూలై 19 నుంచి కాలిఫోర్నియా పరీక్షా కేంద్రాలు, కారు కంప్యూటర్‌లోని ప్రోగ్రాము కంపెనీ ఇచ్చినదేనా, లేదా రాష్ట్రం అనుమతించినదేనా అని కూడా చూస్తున్నాయి. కాకపోతే బండి ఫెయిల్. మళ్లీ అసలు ప్రోగ్రాము ఎక్కించి తీసుకురావాలి.

దేశవ్యాప్త చట్టం ఇంకా పాతది. 1970 నాటి స్వచ్ఛ వాయు చట్టం కాలుష్య నియంత్రణ పరికరాలను చెడగొట్టడాన్ని నిషేధించింది. మొదట కంపెనీలకు, డీలర్లకు వర్తించింది. తర్వాత రిపేరు షాపులకు, 1990 సవరణలతో కారు యజమానులతో సహా అందరికీ వర్తించింది. అంతకుముందే, 1974లో అమెరికా పర్యావరణ సంస్థ ఒక ఉత్తర్వులో ఒక వెసులుబాటు ఇచ్చింది. మార్చిన భాగం వల్ల కాలుష్యం పెరగదని నమ్మడానికి సరైన ఆధారం, అంటే పరీక్షల ఫలితాలు చూపించగలిగితే చర్య తీసుకోరు. 2020లో దాన్ని కొత్తగా రాశారు. కాలిఫోర్నియాలో దీనికి సమానమైనది ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు. ఒక భాగం తయారు చేసినవాళ్లు దాన్ని ప్రయోగశాలలో పరీక్షించి, కాలుష్యం పెరగలేదని చూపిస్తే నంబరు వస్తుంది. ఆ నంబరు స్టిక్కరు బానెట్ కింద అంటిస్తారు. మొదట చెప్పిన కథలో పరీక్షకుడు వెతికింది ఆ స్టిక్కరు కోసమే.

అంటే చట్టం పూర్తిగా మూసిన తలుపు కాదు, తెరిచే దారి ఉంది. మరి అభిమానులకు కోపం ఎందుకు?

ఎందుకంటే ఆ దారి డబ్బున్నవాళ్లదే. ఇంజిన్ రకం మారితే పరీక్ష మళ్లీ చేయాలి. ప్రయోగశాల ఖర్చు చిన్న షాపుకు తలకు మించిన భారం. పదిమంది పనిచేసే ట్యూనింగ్ షాపు నిజాయితీగా పనిచేసినా, కాగితం తెచ్చుకోలేక చట్టానికి అవతలే ఉండిపోతుంది. క్యాట్ పీకేసినవాడికి, క్యాట్ ఉంచి జాగ్రత్తగా ఈ85కు ట్యూన్ చేసినవాడికి పరీక్షా కేంద్రంలో ఒకే ఫలితం వస్తుంది. మంచివాడికీ చెడ్డవాడికీ ఒకే శిక్ష పడితే, మంచిగా ఉండాలన్న పట్టుదల ఎవరికైనా సడలుతుంది. ఈ ఫిర్యాదు నూటికి నూరుపాళ్లు న్యాయమని నేను నమ్ముతున్నాను.

కానీ అభిమానుల్లోనే రెండో వర్గం ఉంది. వాళ్ల మాట కూడా వినాలి. "మనలో కొందరు చేసిన పనికే మనందరికీ ఈ గతి పట్టింది" అంటారు వాళ్లు. అది ఉత్తమాట కాదు. 2020లో అమెరికా పర్యావరణ సంస్థ ఒక లెక్క బయటపెట్టింది. పదేళ్లలో 5,50,000కు పైగా డీజిల్ పికప్ ట్రక్కుల నుంచి కాలుష్య నియంత్రణ పరికరాలు తీసేశారు. వాటి నుంచి అదనంగా వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్లు 5,70,000 టన్నులు. నిబంధనలు పాటించే ట్రక్కులు మరో 90 లక్షలు రోడ్డెక్కితే గాలి ఎంత పాడవుతుందో, ఇవి అంత పాడు చేస్తున్నాయన్నమాట. ఇది డీజిల్ లెక్క, ఈ85 కార్లది కాదు. కానీ ఆ అంకె చూసిన అధికారి ఎవరైనా ట్యూనింగ్ అనే మాటనే అనుమానంగా చూస్తాడు. పక్కవాడు పొగ కక్కుతుంటే చప్పట్లు కొట్టి, తన వంతు వచ్చినప్పుడు మాత్రం న్యాయం అడిగితే, అడిగే నోటికి బలం ఉండదు.

రేసు కార్ల గొడవ మరొకటి. వీధి కారును మార్చి పూర్తిగా ట్రాక్ మీదే నడిపితే చట్టం వర్తించాలా, వద్దా? వద్దని స్పష్టంగా రాయించడానికి 2016 నుంచి అమెరికా కాంగ్రెస్‌లో ఆర్‌పీఎం యాక్ట్ పేరుతో ఒక బిల్లు పలుమార్లు ప్రవేశపెట్టారు, ఏళ్ల తరబడి అది గట్టెక్కలేదు. ట్రాక్‌కే పరిమితమైన కార్లకు మినహాయింపు సబబే అని నా అభిప్రాయం. అవి లెక్కకు కొద్ది, ఇళ్ల మధ్య తిరగవు. చిక్కల్లా ట్రాక్ కోసం అని కొన్న భాగాన్ని మర్నాడు ఆఫీసుకెళ్లే కారుకు బిగించేవాళ్లతోనే.

ఈ రెండు వర్గాల మధ్య దారి లేదా? ఉంది, కొన్ని దేశాలు వేసి చూపించాయి.

ఫ్రాన్స్ సంగతి చూడండి. 2017 నవంబర్ 30న ఆ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. పెట్రోలు కారును ఈ85కు మార్చే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెలకు ప్రభుత్వ ఆమోదం ఇచ్చే పద్ధతి అందులో ఉంది. ఏ పెట్టె ఏ తరహా ఇంజిన్లకు పనికొస్తుందో పరీక్షలు చేసి ఆమోదిస్తారు. శిక్షణ పొందిన మెకానిక్కే బిగించాలి. ఇంజిన్‌కు, పొగ శుద్ధి వ్యవస్థకు చెరుపు జరగదని పెట్టె తయారీదారు హామీ ఉండాలి. చివరికి కారు రిజిస్ట్రేషన్ పత్రంలో ఇంధనం పేరు మార్పించుకోవాలి. దొంగచాటు పని బహిరంగమైంది. షాపులకు గౌరవం వచ్చింది, యజమానికి ధైర్యం వచ్చింది, ప్రభుత్వానికి లెక్క తెలిసింది.

బ్రెజిల్ మరో దారిలో వెళ్లింది. 1975లో ప్రోఆల్కూల్ పథకం మొదలుపెట్టి, చెరకు నుంచి ఇథనాల్ తీసింది. 1979లో ఫియట్ 147 కారు పూర్తిగా ఇథనాల్ మీద రోడ్డెక్కింది. చలి పొద్దుల్లో స్టార్ట్ కావడానికి ఆనాటి కార్లలో విడిగా చిన్న పెట్రోలు డబ్బా ఉండేది. 2003లో ఏ పాళ్లలో పోసినా నడిచే ఫోక్స్‌వాగన్ గోల్ వచ్చింది. అక్కడ ఈ పనంతా ఫ్యాక్టరీలోనే జరిగింది కాబట్టి, కాలుష్య పరీక్ష కూడా ఫ్యాక్టరీ గుమ్మంలోనే జరిగిపోయింది. అందుకే యజమానికి చట్టంతో తగువు పెట్టుకోవలసిన అగత్యం రాలేదు.

అమెరికాలో కూడా 2011లో పర్యావరణ సంస్థ ఇంధన మార్పిడి నిబంధనలను కొంత సడలించింది. కొత్త కారుకు కఠిన పరీక్ష, నడివయసు కారుకు తేలిక పరీక్ష, కాలం తీరిన పాత కారుకు ఇంకా తేలిక ఆధారాలు అని మూడు తరగతులు చేసింది. ఆలోచన మంచిది. చిన్న షాపులకు అందే ఖర్చులోకి అది రావాలి. కొందరు కలిసి ఒక ఇంజిన్ రకానికి ఒకసారి పరీక్ష చేయించి, ఆ ఫలితాన్ని పంచుకునే పద్ధతి రావాలి. చల్లటి ఇంజిన్‌తో సహా కొలిచే కేంద్రాలు అందుబాటు ధరలో ఉండాలి. "నా కారు శుభ్రం" అని వాదించే అభిమానికి, నిరూపించుకునే వీలు కల్పించడం ప్రభుత్వం బాధ్యత. ఆ వీలు వచ్చాక నిరూపించుకోవడం అభిమాని బాధ్యత.

ఇప్పుడు మన సంగతి. ఫ్రీమాంట్, శాన్ హోసే, సన్నీవేల్ లాంటి కాలిఫోర్నియా ఊళ్లలో ఉన్న మన తెలుగు కుటుంబాలకు స్మాగ్ చెక్ అనే ఈ పొగ పరీక్ష నోటీసు కొత్త కాదు. అక్కడ పెరిగిన పిల్లలు కొందరు కార్ల మోజులో పడి, తొలి జీతంతో టర్బో కారు కొనుక్కుంటున్నారు. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి వార్షిక భద్రతా తనిఖీ ఎత్తేశారు. కానీ మనవాళ్లు ఎక్కువగా ఉండే డల్లాస్, కొలిన్ కౌంటీలతో సహా 17 కౌంటీల్లో పొగ పరీక్ష అలాగే ఉంచారు. ఆ తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే. పిల్లల మోజును కసురుకోకండి, అది ఇంజినీరింగు మీద ప్రేమే. "బాబూ, క్యాట్ ఉందా? భాగానికి అనుమతి నంబరు ఉందా?" అని మాత్రం అడగండి.

ఇక మన రాష్ట్రాలు. 2022 జూన్ నాటికి దేశమంతా పెట్రోలులో 10 శాతం ఇథనాల్ కలిసింది. 2030కి అనుకున్న 20 శాతం లక్ష్యాన్ని 2025కే జరిపారు, చేరుకున్నారు. 2025 ఆగస్టులో మైలేజీ పడిపోతోందని పాత బండ్ల యజమానులు దేశమంతటా గోల పెట్టారు. 2021లోనే నీతి ఆయోగ్ నివేదిక ఈ సంగతి చెప్పింది. పాత తరహా కార్లకు 6 నుంచి 7 శాతం, ద్విచక్ర వాహనాలకు 3 నుంచి 4 శాతం మైలేజీ తగ్గవచ్చని అందులో ఉంది. ఇథనాల్ పెరిగిన చోట, దానికి తగ్గట్టు కారు కంప్యూటర్‌ను మార్చిస్తామనే షాపులు కూడా పెరుగుతాయి. హైదరాబాద్ లాంటి నగరాల్లో అలా రీమ్యాప్ చేసే గ్యారేజీలు ఇప్పటికే ఉన్నాయి.

మన చట్టం ఏమంటోంది? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మూల నిర్దేశాలు మార్చడాన్ని అడ్డుకుంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిగా చెప్పింది. చట్టం కఠినంగానే ఉంది. మన కొలతే బలహీనంగా ఉంది. రోడ్డు పక్క వ్యానులో చేసే పొల్యూషన్ పరీక్షలో, నిలబెట్టిన బండి సైలెన్సర్‌లో నాళం పెట్టి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు. కొత్త కార్లకు గాలి, ఇంధనం పాళ్లు కూడా చూస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్లు కొలవరు, ఆల్డిహైడ్లు కొలవరు, కంప్యూటర్‌లో ఎవరు ఏం మార్చారో చూడరు. మార్పును కాగితం మీద నిషేధించి, రోడ్డు మీద పట్టించుకోకపోతే, చట్టానికి విలువా ఉండదు, గాలికి రక్షణా ఉండదు.

అయితే మనకొక అనుభవం ఉంది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్లు మనకు తెలిసినవే. ఆమోదం పొందిన కిట్టు తీసుకుని, అనుమతి ఉన్న సెంటరులో బిగించి, ఆర్‌సీ మీద ఇంధనం మార్పు రాయించుకుంటున్నాం. ఫ్రాన్స్ ఈ85కు వేసిన దారి, మనం గ్యాసుకు ఎప్పుడో వేసుకున్నాం. ఇథనాల్ శాతం ఇంకా పెంచాలన్న ఆలోచన ప్రభుత్వానికి ఉంటే, పాత బండ్లకు ఇదే దారి ఇప్పుడే పరవాలి. పరీక్షించిన కిట్టు, శిక్షణ ఉన్న మెకానిక్, ఆర్‌సీ మీద నమోదు, పొల్యూషన్ పరీక్షలో కంప్యూటర్ తనిఖీ, ఈ నాలుగూ కలిసి రావాలి. వీటిలో ఏ ఒక్కటి వదిలినా మిగతా మూడూ నిలవవు.

కార్ల అభిమానులకు చివరిగా ఒక మాట. మీ చేతుల్లో ఉన్న నైపుణ్యం సామాన్యమైనది కాదు. ఇంజిన్ లోపల క్షణంలో వెయ్యో వంతులో జరిగే పనిని మీరు లాప్‌టాప్ మీద చదవగలరు. ఆ నైపుణ్యంతో గుర్రపు శక్తి ఎంత పెంచామో చెప్పుకుంటారు. అదే గర్వంతో, చల్లటి ఇంజిన్ మీద నా కారు ఎంత పొగ వదిలిందో కూడా చెప్పుకోండి. ట్యూనింగ్ పోటీల్లో పొగ కొలతకు మార్కులు పెట్టండి. క్యాట్ తీసేసిన కారుకు చప్పట్లు ఆపేయండి. అప్పుడు "మమ్మల్ని పొగను బట్టి చూడండి, స్టిక్కరును బట్టి కాదు" అని మీరు అడిగే మాటకు ప్రభుత్వం జవాబు చెప్పక తప్పదు. ఇథనాల్ మంచి ఇంధనమే. దాన్ని శుభ్రంగా మండించే పని మాత్రం దానికది జరగదు, బండి మార్చినవాడు చేయాలి, కొలిచి చూపించాలి.